నిర్వివాదపురానికి ఇద్దరు కర్తలు

కనకవేడు రాజ్యాన్ని ఏలే నరసానంద భూపతికి ఆ రోజు పొద్దున్నుంచీ తల వాచిపోతోంది. ఒక మునగచెట్టు కొమ్మ కోసం అన్నదమ్ములిద్దరు నిండుసభలో కొట్టుకున్నంత పని చేశారు. వాళ్లను పంపించేసి రాజు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తగువులు లేని ఊరు లోకంలో ఒక్కటీ ఉండదా? ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పండయ్యా, కట్టించేస్తాను!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆస్థాన పండితుడు శంభుభట్టు లేచి, రంగులు వేసిన గుడ్డ పటమొకటి సభ మధ్యలో పరిచాడు.

"నిర్వివాదపురం, మహాప్రభూ! ఇళ్లన్నీ ఒకే కొలత. బట్టలన్నీ ఒకే రంగు. అందరూ ఒకే గంటకు లేస్తారు, ఒకే కూర తింటారు. అందరిదీ ఒకే అభిప్రాయం. ఇక తగువుకు చోటేదీ?"

రాజు కళ్లు మెరిశాయి. "రేపే మొదలెడదాం. మరి రాళ్లు?"

"మన వాదశాల ఉందిగా ప్రభూ. పడగొడితే సరి. ఆ ఊళ్లో దాంతో పనేముంది?" అంటూ భట్టు సభలో ఓ పక్కన కూర్చున్న ఓబులాంబ వైపు ఓరగా చూశాడు.

ఆ వాదశాలలోనే ఆమె మాట్లాడటం నేర్చుకుంది. ఇప్పుడు అక్కడే చదువు చెబుతోంది. నేతగాళ్ల కూతుళ్లూ పడవవాళ్ల కొడుకులూ పక్కపక్కన కూర్చుని, ఎంతటివాణ్నైనా 'ఎందుకు?' అని అడగడం నేర్చుకుంటున్నారు. కిందటేడు భట్టును వాదంలో ఓడించింది కూడా ఆమే. ఆ మంట ఆయనకింకా చల్లారలేదు.

ఆమె నోరు తెరిచిందో లేదో, భట్టు అందుకున్నాడు.

"చూశారా ప్రభూ, ఎదురు చెప్పడానికి అప్పుడే సిద్ధం! ఇలాంటివాళ్ల వల్లే తగువులు."

రాజుకు సరదా పుట్టింది. "అయితే పందెం. ఈ సభ ముగిసేదాకా ఇదే నిర్వివాదపురం అనుకోండి. మీ ఇద్దరిలో ముందు ఎవరు ఎదుటివాళ్ల మాట కాదంటే వాళ్లు ఓడినట్టు. ఓబులాంబ ఓడితే వాదశాల కూలుతుంది. భట్టుగారు ఓడితే ఈ పటం చుట్టేస్తాం."

సభలో అందరూ ఓబులాంబను జాలిగా చూశారు. ఆమెకూ తన మీద జాలేసింది. 'అవును' అన్నది ఆమె నోటికి అలవాటు లేని మాట. పెళ్లిచూపుల్లో "నీ పేరు ఓబులాంబేనా అమ్మా?" అని అడిగిన పెద్దాయనను "అని ఎవరన్నారు?" అని నిలదీసి, వచ్చిన సంబంధాన్ని వీధి చివరిదాకా సాగనంపిన మనిషి.

భట్టు తీరిగ్గా బొజ్జ నిమురుకున్నాడు. "ఏమ్మా, ఆడవాళ్లకు తర్కం తలకెక్కితే ఇంట్లో అన్నం మాడుతుంది. అంతేనా?"

ఓబులాంబ నోటిదాకా వచ్చిన 'కాదు'ను మింగేసింది.

"అవును భట్టుగారూ. నిన్న మా ఇంట్లో మాడింది."

"కిందటేడు నువ్వు గెలిచింది గొంతు పెద్దది కాబట్టే. అవునా?"

"అవునండి. మా వీధి కుక్కలు కూడా ఒప్పుకుంటాయి."

సభ గొల్లుమంది. ఆమె నాలుక మాత్రం కట్టేసిన దూడలా గింజుకుంటోంది. ఇంకో రెండు ప్రశ్నలు ఇలాగే వస్తే వాదశాల పునాదులతో సహా పోతుంది. ఏదైనా తెలివిగా అందామంటే, ఆమెకున్న తెలివంతా 'కాదు'తో మొదలయ్యేదే!

అప్పుడు తట్టింది. తట్టగానే సిగ్గేసింది. అయినా చెప్పేసింది.

"మహారాజా, భట్టుగారి నగరం నాకు ఎంతో నచ్చింది. నచ్చకేం! పదహారేళ్లప్పుడు నేనూ అచ్చం ఇలాంటి ఊరినే ఊహించి రాశాను. పేరు ఓబులాంబాపురం."

సభలో కిసకిసలు మొదలయ్యాయి. ఆమె చెవులు వేడెక్కాయి.

"అందులోనూ అందరిదీ ఒకే అభిప్రాయం. అంటే నాది. ఒప్పుకోనివాళ్లకు కొరడాలూ చెరసాలలూ లేవు. ఒప్పుకునేదాకా నా ఉపన్యాసం వినాలి, అంతే. కాలువల్లో నీళ్లకు బదులు పానకం. జనం స్నానం ఎక్కడ చేస్తారో నాకు తోచలేదు. అన్నం ఎవరు వండుతారో రాయడమే మరిచిపోయాను. భట్టుగారూ మరిచిపోయారు. చూశారా, ఇద్దరిదీ ఒకే బుర్ర!"

సేనాపతి కడుపు పట్టుకున్నాడు. భట్టు మొహం కందగడ్డలా అయింది. కాదంటే ఓడినట్టే మరి.

"ఊరి మధ్యలో ఎత్తైన మేడ. అందులో నేను. భట్టుగారి పటంలోనూ మేడ ఉంది. అందులో ఉండేది తమరేగా?"

"అ... అవును."

"మా మేడలో ఉయ్యాల కూడా ఉంది. మీరూ వేసుకోండి."

భట్టు మెడ నరాలు ఉబ్బాయి. బలవంతాన ఊపిరి పీల్చి, "వేసుకుంటానమ్మా" అన్నాడు.

ఓబులాంబ రాజుకు చేతులు జోడించింది. "ప్రభూ, ఇంతగా మనసులు కలవడం అరుదు. కోట వాకిట్లో రాతి మీద మా ఇద్దరి పేర్లూ చెక్కించండి. ముందు రాసింది నేను కనక నా పేరు పైన. నా బాటలో నడిచారు కనక భట్టుగారి పేరు కింద, నా శిష్యుడిగా. పెద్దమనసున్న వారు, సంతోషంగా ఒప్పుకుంటారు."

రాజు మీసాల చాటున నవ్వు నొక్కుకుంటూ శిల్పిని పిలవమన్నాడు. "భట్టుగారూ, సమ్మతమేనా?"

శంభుభట్టు ఉత్తరీయం విసిరికొట్టి లేచాడు.

"కాదు! ముమ్మాటికీ కాదు! ఆ పానకం పిల్లకు నేను శిష్యుణ్నా? నా ఊరు వేరు, దాని ఊరు వేరు!"

ఓబులాంబ వినయంగా తల వంచింది.

"అవునండి. వేరు వేరే."

సభ పగలబడి నవ్వింది. రాజు కళ్లు తుడుచుకుంటూ పటాన్ని తన చేత్తోనే చుట్టేశాడు.

"పునాది తవ్వకముందే మొదటి తగువు ఊరి పెద్దే తెచ్చాడు! ఓబులాంబా, వాదశాల రాయి ఒక్కటి కదిలినా నేనూరుకోను." మెడలోని ముత్యాల దండ తీసి ఆమెకిచ్చాడు. "ఇంకో మాట. వచ్చే పున్నమి సభలో ఆ ఓబులాంబాపురం మొత్తం నువ్వే చదివి వినిపించాలి. కడుపుబ్బ నవ్వుకుని చాలా కాలమైంది."

ఓబులాంబ దండ పట్టుకుని ఒక్క గెంతున వెనక్కి దూకింది.

"అది మాత్రం జరగని పని మహారాజా!"

ఈసారి అందరికంటే గట్టిగా నవ్వినవాడు శంభుభట్టు.