కళ్లకద్దుకున్న రెక్క

గజపతి మాస్టారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. కొండ మీద పారాగ్లైడింగ్ నేర్పే గురువాయన. ఎవరేం అడిగినా ముందు గాలి ఎటు వీస్తోందో చూసేవాడు. చాలాసార్లు అక్కడితో సరి.

అరవై దాటాక ఆయన దగ్గర శిష్యురాలిగా చేరింది మంగతాయారు. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీ కుర్చీలో గడిపి నడుం పోగొట్టుకున్న మనిషి. "ఈ వయసులో నీకేం గాలి సోకిందే?" అని వాళ్లన్నయ్య చీవాట్లు పెట్టాడు. ఆ మాటే పట్టుకెళ్లి గురువును అడిగింది. "నడుమైనా బాగవ్వాలి, ఆశైనా చావాలి. రెండూ కావడం లేదు. నాకీ గాలెందుకు సోకింది మాస్టారూ?"

మాస్టారు ఆకాశంకేసి చూశాడు. "ఆదివారం రండమ్మా" అన్నాడు.

ఆమె నెలల తరబడి నేల మీదే నిలబడి, తాళ్లు పట్టుకుని పారాగ్లైడర్ గుడ్డ రెక్కను గాలిలో నిలపడం నేర్చుకుంది. కాళ్లు మాత్రం నేల విడవలేదు. డాక్టరుగారు ఎంతో బతిమాలించుకుని, గురువుతో కలిసి ఒక్కసారి ఎగరడానికి ఒప్పుకున్నారు. వానలు ముంచుకొస్తున్నాయి. ఎగరాల్సిన ఆ ఆదివారం దాటితే మళ్లీ చలికాలం దాకా కొండ మీదికి ఎవరినీ రానివ్వరు. ఆ పూట మంగతాయారు కాఫీ కూడా ముట్టలేదు.

వాలులో ఎర్రటి రెక్క పరిచారు. బెల్టులు కట్టుకోబోతూ ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. గుడ్డ కాలికి తగిలింది. పుస్తకానికి కాలు తగిలితే మనమేం చేస్తామో ఆమె అదే చేసింది. చటుక్కున వంగి, రెక్కను తాకి, కళ్లకద్దుకుంది. అంతే, నడుం పట్టేసింది.

గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కళ్ల నీళ్లు చెవుల్లోకి కారుతుంటే, "అప్పుడే ఇంటికి పంపకండి మాస్టారూ. కాసేపు చూడనివ్వండి" అంది.

మాస్టారు ఆ బెల్టులు తనే కట్టుకుని, నేల మీదే నిలబడి రెక్క లేపాడు. దాని నీడ ఆమె మీద పడింది. ఎండకు వెలుగుతున్న ఆ ఎర్రగుడ్డను ఆమె రెప్ప వేయకుండా చూసింది. అదేమంత ఎత్తులో లేదు. అందుకే ఆమెకు మరీ కష్టంగా ఉంది.

ఇంతలో గాలి మారి, రెక్క ఒక పక్కకు ఒరిగింది. గురువు చెయ్యి కదిలేలోపే, గడ్డి మీదున్న మంగతాయారు ఖాళీ చెయ్యి, రెండో వైపు తాడు లాగుతున్నట్టు కిందికి దిగింది. రెక్క కుదురుకున్నాక మెల్లగా వదులైంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. మాస్టారు చూశాడు.

రెక్క దించి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"పట్టిన నడుం విడుస్తుందమ్మా. సోకిన గాలి మాత్రం చేతుల్లోకి దిగింది, దానికి నా దగ్గర మందు లేదు. చలికాలంలో రండి" అన్నాడు. లేచి బట్టలు దులుపుకున్నాక, "ఈసారి దణ్ణం నిలబడే పెట్టండి" అన్నాడు.