తమలపాకు మీది దేవుడు

బంగారంతో వినాయకుణ్ణి పోత పోయించిన రాజుగారు, ఇకమీదట పసుపు ముద్దకు మొక్కినవాళ్ళను ఊరు దాటిస్తానని చాటింపు వేయించాడు. మర్నాడే గానుగ ఆడించే సన్నెమ్మ దొరికిపోయింది. రాజు బంగారు విగ్రహానికి తొలిపూజ చేస్తుండగానే భటులు ఆమెను లాక్కొచ్చారు.

“పసుపు ముద్ద దేవుడెలా అయిందే?” అన్నాడు రాజు.

“నాకేం తెలుసు దొరా, అయ్యవారినే అడగండి. పూజకు విఘ్నం రాకూడదని ముందుగా ఆ తమలపాకు మీద పెట్టి మొక్కారే, అదేంటో?”

సన్నాయి ఆగిపోయింది. బంగారు దేవుడి ముందు, ఆకు మీద, ఉసిరికాయంత పసుపు ముద్ద. పురోహితుడు పచ్చటి వేళ్ళు పంచెలో దాచుకున్నాడు. రాజు తన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“తమరి వేళ్ళకూ అదే పసుపు దొరా,” అంది సన్నెమ్మ. “ముగ్గురం ఒకే బండిలో ఊరు దాటుదామా?”