ఎర్రనీళ్ల పాఠం నేర్వని చిలకలు

ఆ అడవిలో జొన్నలు మోసే బండి ఒక్కటే. తోలేది ఎలుగుబంటి. లాగేవి మైలోడు, కర్రోడు అనే రెండు ముసలి ఎద్దులు. కర్రోడికి చూపు ఆనదు. మైలోడి పక్కన నడవడమే వాడికి దారి. వాగు వచ్చిందంటే ఎలుగు బండి దిగి, నీళ్లలో తన కాలు పెట్టి చూసి, ఆ తర్వాతే పగ్గం కదిపేది. పదేళ్లుగా అదే పద్ధతి.

ఒకనాడు నక్క రెండు చిలకల్ని తెచ్చి కాడి మీద కూర్చోబెట్టింది.

"ఎలుగు మామా, ఇక నీ కళ్లకు సెలవు. వీటికి ఆర్నెల్లు పాఠం చెప్పాను. రాయి కనిపిస్తే రాయంటాయి, గుంత కనిపిస్తే గుంతంటాయి, చెట్టు అడ్డముంటే చెట్టంటాయి. ఎద్దులు విని నడుస్తాయి. నువ్వు హాయిగా కునుకు తియ్యి."

"ఇందులో నీకేంటిరా లాభం?" అన్నాడు కర్రోడు.

"బండిలో కూర్చోడానికింత చోటు. అంతే తాతా!"

నక్క నలభై సార్లు పరీక్ష పెట్టింది. అన్నీ ఎండాకాలంలోనే. చిలకలు ఒక్క రాయి కూడా వదల్లేదు. ఎలుగు మురిసిపోయి పగ్గం పక్కన పడేసింది.

ఒకరోజు దారిలో ఏదో కదిలిందని మైలోడు తనంతట తానే ఆగాడు. తీరా చూస్తే ఎండుటాకు.

"చిలకలు పలక్కుండానే ముసలాయనకు వణుకు!" అని నక్క పడీపడీ నవ్వింది. ఎలుగూ నవ్వింది. మైలోడికి తల కొట్టేసినట్టయింది.

తొలకరి వచ్చింది. ఎగువ కొండల్లో వాన పడినట్టుంది, బండి చేరేసరికి వాగు నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎర్రనీళ్ల వెనకే వరద వస్తుందని ఏ పశువుకైనా తెలుసు. మైలోడు చూశాడు. వెనక ఎలుగు గురక పెడుతోంది. చిలకలు నోరు మెదపలేదు.

"నీళ్లెట్లా ఉన్నాయిరా?" అన్నాడు కర్రోడు.

మళ్లీ నవ్వుతారేమోనని మైలోడికి బెరుకు. "చిలకలు ఊరుకున్నాయిగా. నడు," అన్నాడు.

వాగు నడిమధ్యలో వరద వచ్చి బండిని తిప్పి కొట్టింది. ఎలుగు లేచి పగ్గం వెతుక్కునేలోపే కాడి విరిగింది. చిలకలు ఎగిరిపోయాయి. ఎలుగు, నక్క, మైలోడు ఎలాగో గట్టెక్కారు. కర్రోడు ఎక్కలేదు.

"నీ చిలకలు ఎందుకు పలకలేదురా?" అని ఎలుగు నక్క మీదికి లేచింది.

"నీళ్ల పాఠం నేను చెప్పలేదు మామా. చెప్పినదాంట్లో ఒక్క తప్పన్నా చేశాయా?"

"నా కళ్లకు సెలవన్నావు కదరా!"

నక్క తడి తోక విదిలించుకుంది. "సెలవిచ్చింది నేనే. తీసుకుంది నువ్వు."



మైలోడు వాళ్ల మాటలు వినడం లేదు. వాగు వైపే చూస్తూ నిలబడ్డాడు. "నీళ్లెట్లా ఉన్నాయని వాడు నన్నడిగాడు," అన్నాడు. "చిలకల్ని అడగలేదు."

నీతి: కావలి ఎవరికి అప్పగించినా, నీ కళ్లతో చూసింది చెప్పాల్సింది నువ్వే.