దూరం జరిగిన ఏడుకొండలు

కొల్లేటి గట్టు మీద బాతులు పెంచుకునే ఏడుకొండలు మంచివాడే గాని, కష్టం వస్తే మాత్రం నోరు బిగించుకుని దూరంగా పోయేవాడు. అతని భార్య నాంచారమ్మ తీరు వేరు. మొగుడు మాట్లాడకపోతే ఆమెకు ప్రాణం నిలిచేది కాదు. "నా మీద కోపమా?" అంటూ వెంటపడేది. ఆమె అడిగేకొద్దీ అతను ఇంకా దూరం జరిగేవాడు.

ఒక ఏడాది వానలు ఆగకుండా కురిశాయి. కొల్లేరు పొంగి బాతుల దొడ్డిలోకి నీళ్లొచ్చాయి. బాతుల్ని వెంటనే మెరకకు తోలాలి. దారిలో గట్టుకు ఒకచోట గండి పడి ఉంది. 'నేను ముందు నడుస్తాను, నాంచారి గండి దగ్గర కాపు ఉంటుంది' అని ఏడుకొండలు మనసులోనే అనుకున్నాడు. పైకి ఒక్క మాటా అనకుండా కర్ర పట్టుకుని విసవిసా నడిచాడు.

"ఏమయ్యా, నేనేం తప్పు చేశాను?" అంటూ నాంచారమ్మ పరుగెత్తుకొచ్చింది. వెనక గండి దగ్గర కాపు లేకుండా పోయింది. బాతులన్నీ గోలగోలగా అరుస్తూ అందులోంచి సరస్సులోకి దిగిపోయాయి!

"నిన్నెవరు రమ్మన్నారు?" అని అరిచాడు ఏడుకొండలు.

"ఉండమని ఎవరు చెప్పారు?" అంది నాంచారమ్మ, కళ్లనీళ్లతో.

అతను అలవాటుగా ముఖం తిప్పుకున్నాడు. తిరిగి వెళ్లిపోబోయి, ఆగాడు. "కోపం కాదే, భయం. ఉన్న బాతులన్నీ పోతాయేమోనని. భయమేస్తే నాకు మాట రాదు" అన్నాడు.

నాంచారమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆ ముక్క చెబితే చాలు. ఇక గుచ్చిగుచ్చి అడగను. ఇప్పుడేం చేద్దాం?"

"నేను దోనెలో వెళ్లి వాటిని మళ్లిస్తాను. నువ్వు ఇక్కడే ఉండి గట్టెక్కించు. కనపడకపోయినా కేకేస్తూనే ఉంటాను."

దోనె రెల్లుపొదల చాటుకు పోయింది. నాంచారమ్మకు వెంట పరుగెత్తాలనిపించింది. అయినా కదల్లేదు. "నాంచారీ, వస్తున్నా!" అన్న కేక వినపడినప్పుడల్లా ఆమెకు ధైర్యం వచ్చేది. సాయంత్రానికి, ఏవో కొన్ని తప్ప, బాతులన్నీ మెరక చేరాయి.

ఏడుకొండలు ఆమె పక్కనే నడుస్తూ కూడా "నాంచారీ, వస్తున్నా!" అని మళ్లీ అరిచాడు.

"చాల్లేవయ్యా, బాతులు జడుసుకుంటున్నాయి!" అని ఆమె పకపకా నవ్వింది.

కష్టకాలంలో ఆలుమగలు మనసులోని భయాన్ని దాచుకోక చెప్పుకోవాలి. చెప్పిన మాటను నమ్మి నిలబడాలి. అప్పుడే ఆ కాపురం చల్లగా ఉంటుంది.