లామా తవ్విన పునాది

గిన్నెలో కలుపుకున్న సత్తుపిండి జిగ్మేకి గొంతు దిగలేదు.

"మూర్ఖులు గురువుగారూ! వట్టి మూర్ఖులు!" అన్నాడు.

పెద్ద లామా టీ చల్లార్చుకుంటున్నారు.

"ఎవరు?"

"ఊరు ఊరంతా."

"కుక్కలు కూడానా?"

జిగ్మే నవ్వలేదు. పట్నంలో చదువుకుని, బోలెడు పుస్తకాలతో కొండెక్కి వచ్చి భిక్షువైనవాడు. దీక్షతో జుట్టు పోయింది గాని ఉడుకు పోలేదు. అన్యాయం కనబడితే అతని నోట ఎక్కడెక్కడో చదివిన వాక్యాలు బాణాల్లా దూసుకొచ్చేవి.

ఆ వసంతంలో లోయ కంపించింది. మఠం గోడలు పగుళ్ళతో బయటపడ్డాయి. కింద ఊళ్ళో మట్టి మిద్దెలు కూలిపోయాయి. కప్పు కారకుండా ఏటా మిద్దె మీద కొత్త మట్టి మెత్తడం అక్కడి ఆనవాయితీ. పాత మట్టిని ఎవరూ తీయరు. తాతలనాటి నుంచి పేరుకున్న బరువంతా ఆ పొద్దున ఒక్కసారిగా కిందికి దిగింది. ఊరి పెద్ద అంగ్‌చుక్ ఒక్కగానొక్క కొడుకు దాని కిందే పోయాడు.

వేసవి వచ్చేసరికి ఊరు మళ్ళీ లేవడం మొదలుపెట్టింది. అక్కడ ఇల్లు కట్టడానికి కూలీలుండరు. ఇంటికొక మనిషి వచ్చి చెయ్యి వేస్తాడు. ఇవాళ నీ గోడ, రేపు నా గోడ. అలా ఇళ్ళన్నీ లేస్తున్నాయి, దిస్కిత్ ఇల్లు తప్ప.

దిస్కిత్‌కి భర్త లేడు, ఇద్దరు పసిపిల్లలు. ఆ లోయలో ఆడది నాగలి పట్టకూడదు, పడితే భూమికి కోపం వస్తుంది. కాని అదను ఆగదు కదా. తనే నాగలి పట్టింది. ఆ వారంలోనే భూమి కంపించింది. ఇంకేం కావాలి? ఆమె గోడకి చెయ్యి వేసేవాళ్ళు లేకపోయారు. గొర్రెల దొడ్లో పిల్లల్ని పెట్టుకుని పడుకుంటోంది. మంచు పడేలోగా కప్పు లేకపోతే ఆ పిల్లలు చలికాలం దాటరు.

"వాళ్ళతో ఏమన్నావు?" అని అడిగారు లామా.

"నిజం చెప్పాను."

నిజం చెప్పడానికి జిగ్మే కళ్ళంలో అరుగెక్కాడు. మనం నిలబడ్డ నేల ఉత్తరాన ఉన్న నేలను నెడుతోందన్నాడు. గోరు పెరిగినంత నెమ్మదిగా, మనిషి పుట్టకముందు నుంచీ. ఈ కొండలు ఆ నెట్టుడుకి లేచినవే. లోపల బిగుసుకున్న రాయి ఎప్పుడో ఒకప్పుడు జారక తప్పదు. "అది జారింది పాతాళంలో! దిస్కిత్ నాగలి దిగింది జానెడు!"

"గోరైతే కత్తిరించుకోవచ్చు గదా నాయనా" అంది ముందు వరసలో ముసలమ్మ ఒకతె. కళ్ళమంతా నవ్వింది.

జిగ్మేకి ఒళ్ళు మండింది. "మనుషుల్ని చంపేది భూకంపం కాదు, కట్టిన ఇళ్ళు! ఆ మిద్దెల మీద ఏటేటా మట్టి మెత్తిన చేతులే చంపాయి!" అని అరిచాడు.

నవ్వులు ఆగిపోయాయి. అంగ్‌చుక్ తన చేతులకేసి ఒకసారి చూసుకుని లేచి వెళ్ళిపోయాడు. అతని వెనకే ఒక్కొక్కరుగా అందరూ వెళ్ళిపోయారు.

అంతా విని లామా టీ పూర్తి చేశారు. గిన్నె బోర్లించారు.

"కొట్లో పలుగు ఉండాలి. తీసుకురా."

జిగ్మే కదల్లేదు. భిక్షువు నేల తవ్వకూడదు, మట్టిలో ప్రాణులుంటాయి. చిన్ననాడు దీక్ష తీసుకున్న రోజు నుంచి పెద్ద లామా కుండీలో మన్ను కూడా కదిపి ఎరగరు.

"దేనికి గురువుగారూ?"

"తవ్వడానికి. పలుగు ఇంకెందుకు?"

దిస్కిత్ ఇల్లున్న చోట ఇప్పుడు రాళ్ళ కుప్ప మాత్రం ఉంది. లామా కండువా నడుముకి బిగించి పలుగు ఎత్తారు. దిస్కిత్ దొడ్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"వద్దు లామా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఉన్న పాపం చాలు, ఇది కూడా నా నెత్తికి చుట్టకండి!"

ఆయన పలుగు దింపారు. గట్టి నేల. పిడికెడు మట్టి రేగింది. ముసలి చేతులు, అలవాటు లేని పని. పలుగు ఒకచోట ఎత్తితే ఇంకోచోట పడుతోంది. ఎవరో చూసి ఎవరికో చెప్పారు. కాసేపటికి ఊరంతా చుట్టూ చేరింది. జిగ్మే తలవంచుకుని పక్కన నిలబడ్డాడు.

అప్పుడు నేల కదిలింది.

పెద్దదేం కాదు. భూకంపం తరవాత అలాంటివి వస్తూనే ఉన్నాయి. కుప్ప మీంచి నాలుగు రాళ్ళు దొర్లాయి. మేకలు అరిచాయి. కదలిక ఆగేసరికి, ఎవరో చెప్పినట్టు, అందరి కళ్ళూ దిస్కిత్ మీదికి తిరిగాయి.

"అటు కాదు, ఇటు చూడండి. ఇది నావల్ల" అన్నారు లామా.

మళ్ళీ పలుగు ఎత్తారు.

అంగ్‌చుక్ చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తరవాత జనంలోంచి ముందుకొచ్చి, ఆయన చేతిలోంచి పలుగు తీసుకున్నాడు.

"తప్పుకోండి లామా. పునాది ఇలాగా తవ్వేది?"

మూల నుంచి మొదలుపెట్టాడు. ఇంకెవరో తట్ట తెచ్చారు. కొంతసేపటికి అంగ్‌చుక్, తల ఎత్తకుండానే, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు:

"ఈ ఇంటి మీద మట్టి ఒక్క పొరే. ఏటా పాతది గీకేశాకే కొత్తది."

పొద్దు వాలుతుండగా గురుశిష్యులు మఠానికి చేరారు. దోషం చేసిన భిక్షువు అదే రోజు మరో భిక్షువు ముందు చెప్పుకోవాలి. లామా జిగ్మే ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించారు.

"నేల తవ్వాను. అది దోషం."

వినేవాడు అడగవలసిన మాట ఒకటుంది. జిగ్మే అతికష్టం మీద అడిగాడు.

"దోషమని తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

'ఇకమీదట జాగ్రత్తగా ఉండండి' అనాలి. ఆ మాటతో అయిపోతుంది. జిగ్మే ఆ జోడించిన చేతుల్ని చూశాడు. అరచేతుల్లో బొబ్బలు. గోళ్ళ నిండా మట్టి. తన చేతులు చూసుకున్నాడు. తెల్లగా ఉన్నాయి.

"గురువుగారూ, నాదీ ఒకటుంది."

"చెప్పు."

"నేను తవ్వలేదు."

"అది నియమాల్లో ఎక్కడా లేదే" అన్నారు లామా. మోకాళ్ళ మీద చేతులు ఊని మెల్లగా లేచారు. "పలుగు మాత్రం అక్కడే మరిచిపోయి వచ్చాను."