దీపం వెలిగించని రోళ్ళమ్మ కోవెల

వినేవారికి క్షేమం, తలచేవారికి ధైర్యం కలుగుగాక! కడలి ఒడ్డున వెలసిన తల్లి కథ ఇది, చెవియొగ్గి వినవలసినది.

గెడ్డపాలెం ఇసుకమెట్టపై ఉన్న రోళ్ళమ్మ కోవెలలో సంధ్యాదీపం పెట్టరు. వాకిట రాతిరోళ్ళు మాత్రం ఉంటాయి.

పూర్వం ఇక్కడ అమ్మవారి దీపమే పడవలకు గురుతు. దానిని చూచుకొని జాలరులు రెండు బండల నడుమనున్న ఇరుకుదారిన ఒడ్డు చేరేవారు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో, శత్రువిమానాలు వస్తాయని, తీరాన దీపాలు వెలిగించరాదని సర్కారు ఉత్తర్వు వచ్చింది. ఊరివారు అంతటితో ఆగలేదు. పైనున్నవారికి వినబడుతుందని గుడిగంట నాలుకకు గోనెపట్టా చుట్టారు, దంపుళ్ళు మానుకున్నారు, కూసే కోడిపుంజులను కూడా గంపల కింద మూశారు.

ఒకనాడు గురువమ్మ అనే జాలరి ఇల్లాలి భర్త ఎర్రయ్య తోటివారితో చేపల వేటకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. వల బాగుచేస్తూ కునుకుపట్టిన గురువమ్మకు, కలలో ఒక ముసలమ్మ వట్టి రోటిలో రోకలి వేస్తూ కనిపించింది.

"గింజ నేకుండా ఏటి దంచుతున్నావే అమ్మా?"

"నా బిడ్డలకిప్పుడు కూడు కాదే, దారి కావాల."

ఉలికిపడి లేచేసరికి పొద్దు వాలుతున్నది, పడవలు రాలేదు. గురువమ్మ రోకలి తీసుకొని మెట్టెక్కి, అమ్మవారికి పసుపు దంచే రోటిలో వేసింది. ఖంగుమన్నది. కులపెద్ద బంగారయ్య రొప్పుతూ వచ్చాడు.

"ఓలే గురువమ్మా, ఆపే! ఇమానమోడు ఇన్నాడంటే ఊరు బుగ్గే!"

"మావా, ఆడి ఇమానం రొదకి ఆడి మాట ఆడికే ఇనబడదు. నా రోకలింటాడా?"

బంగారయ్య భార్య కిసుక్కున నవ్వి, ఇంటికి పోయి తన రోకలి తెచ్చింది. వెనుకనే వాడలోని ఆడవారందరూ రోళ్ళు దొర్లించుకొని వచ్చారు. చేతులు బొబ్బలెక్కినా దంపు ఆగలేదు. చివరకు చీకటి నీటిమీద నుండి ఎర్రయ్య కేక వినబడింది:

"ఎవలింట్లోనే పెళ్ళి? ఇంత పసుపు దంచుతున్నారు!"

గురువమ్మ రోకలి వదలి ఇసుకలో చతికిలబడి, నవ్వుతూనే ఏడ్చింది. బండల నడుమ నుండి పడవలన్నీ ఒడ్డెక్కాయి.

నాటి నుండి ఈ తల్లి రోళ్ళమ్మ అయింది; యుద్ధం ముగిశాక కూడా ఊరివారు రోటిచప్పుడునే అమ్మవారి దీపంగా ఎంచుకున్నారు. దూరాన ఉన్న మనిషికై మొక్కుకొనేవారు నేటికీ సంధ్యవేళ వట్టి రోటిలో రోకలి వేస్తారు. మనిషి ఇల్లు చేరాక, అదే రోటిలో పసుపుకొమ్ములు దంచి అమ్మవారికి పూస్తారు. అట్టివారి గడపకు చేటు రాదని నమ్మకం.

ఈ కథను వ్రాసిన మనుమరాలికి దీనిని మొదట చెప్పినవారు నాయనమ్మ సూరాడ చిలకమ్మ. చెప్పిననాడు ఆమె చేతులు పసుపుతో పచ్చగా ఉన్నాయి.