పిండిమర దండు

అనగా అనగా, మరీ పాతకాలంలో కాదు, రాజుల కోటలన్నీ కూలిపోయి మనుషులు సెల్‌ఫోన్లలో కొత్త కోటలు కట్టుకుంటున్న కాలంలో, ఒక పట్నంలో నూకరత్నం అనే ఆవిడ ఉండేది. బజారు చివర ఆమెకొక పిండిమర ఉండేది. బియ్యం, శనగలు, రాగులు, ఎండుమిరప, ఎవరు ఏది తెచ్చినా కాదనకుండా ఆడించి ఇచ్చేది. మర తిరుగుతున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని ఫోనులో యుద్ధాలు చేసేది.

ఆ ఆట పేరు కోటల పోరు. ఎవరి కోట వాళ్ళు కట్టుకోవాలి. కొంతమంది కలిస్తే ఒక దండు. దండుకూ దండుకూ యుద్ధం జరిగేటప్పుడు ఒక్కొక్కరికి రెండేసి దాడులు. పడగొట్టిన కోటను బట్టి నక్షత్రాలు వస్తాయి. ఎవరికి నక్షత్రాలు ఎక్కువైతే వాళ్ళదే గెలుపు. సాటివాడి కోటకు కావలిగా మన సైన్యాన్ని పంపడం దండులో ఉన్నవాళ్ళ ధర్మం. ఆ ధర్మంలో నూకరత్నానికి సాటి లేరు. అడిగినవాడికీ పంపేది, అడగడానికి మొహమాటపడేవాడికీ పంపేది.

ఆమె ఉన్నది గండభేరుండ దండులో. దానికి నాయకుడు అదే పట్నంలో ఎరువుల వర్తకుడు భూపతి. కొనగలిగినంత బలం కొనుక్కుని, ఆకాశమంత కోట కట్టుకుని, దండులో అందరితోనూ సింహాసనం మీద నుంచి మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

ఒక యుద్ధం రోజున మర పట్టా తెగి నూకరత్నం ముంజేతికి కొట్టుకుంది. ఆసుపత్రికి వెళ్ళి కట్టు కట్టించుకుని వచ్చేసరికి యుద్ధం ముగిసిపోయింది. ఆమె దాడులు రెండూ మిగిలిపోయాయి. దండు ఒకే ఒక్క నక్షత్రం తేడాతో ఓడింది. జరిగింది చెప్పుకుందామని ఆమె ఫోను తెరిస్తే, అప్పటికే అందరూ చూసే చోట భూపతి మాట రాసి ఉంది.

"పిండి విసురుకునేవాళ్ళకి యుద్ధాలెందుకు? వెళ్ళి మర చూసుకోమనండి."

ఆమె చదవడం పూర్తయిందో లేదో, దండు నుంచి గెంటేశాడు.

ఆ మాట దండంతా చూసింది. ఏళ్ళ తరబడి ఆమె సైన్యంతో కోటలు కాపాడుకున్నవాళ్ళు చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట మరలో ఎండుమిరప ఆడిస్తుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కారం ఘాటు వల్లనే అని చూసినవాళ్ళకు చెప్పింది.

మర్నాడే వేరు కుంపటి పెట్టింది. భూపతి ఏ మాటతో తనను కొట్టాడో ఆ మాటే దండుకు పేరు పెట్టుకుంది. పిండిమర దండు. ఎదురొస్తే పిండి పిండే, అని కింద రాసింది.

మొదట చేరింది పక్క వీధిలో బట్టలు కుట్టే జరీనా. ఆమెను ఉపనాయకురాలిని చేసింది. తరవాత వచ్చినవాడు లారీ తోలే పోలినాయుడు. వయసులో పెద్దవాడు, ఆటలో చిన్నవాడు. అతని కోట గుడిసెకు ఎక్కువ, ఇంటికి తక్కువ. అయినా పొద్దున లేవగానే ఉన్న నలుగురు సైనికుల్నీ ఎవరో ఒకరి కావలికి పంపేవాడు. నూకరత్నం అతన్ని ఎన్నడూ చూడలేదు. ఫోనులో గొంతు విని బాబాయ్ అని పిలిచేది.

భూపతిని తొందరగా ఓడించాలి. అందుకు దండు తొందరగా నిండాలి. అందుకని నూకరత్నం తలుపులు బార్లా తెరిచి, ఎవరైనా రావచ్చునంది. బెల్లానికి చీమలు పట్టినట్టు పట్టారు. వచ్చినవాళ్ళు సైన్యం అడిగారు, పుచ్చుకున్నారు, యుద్ధం మొదలయ్యేసరికి చెప్పకుండా జారుకున్నారు. మొదటి యుద్ధంలో పిండిమర దండే పిండైపోయింది. గండభేరుండ దండులో వాళ్ళు ఆ వార్త చెప్పుకుని నవ్వారని కూడా ఆమెకు తెలిసింది.

ఆమె కోపం రెట్టింపయింది. తలుపులు మూసేసింది. అడిగి, పరీక్షించి, కొద్దిమందినే చేర్చుకుంది. యుద్ధంలో దాడి తప్పినవాడికి దండులో చోటు లేదని శాసనం చేసింది. ఒకడు తప్పితే తీసేసింది. ఇంకొకడు కారణం చెప్పబోతే, కారణాలు అక్కర్లేదని తీసేసింది. దండు గెలవడం మొదలుపెట్టింది. కానీ ఒకప్పుడు కూరలు ఏం వండుకున్నారో కూడా చెప్పుకునే ఆ చోట ఇప్పుడు కబుర్లు లేవు. యుద్ధమంటే అందరికీ భయం పట్టుకుంది. నాయకురాలంటే అంతకన్నా ఎక్కువ భయం. నూకరత్నం ఆ నిశ్శబ్దాన్ని చూసి క్రమశిక్షణ అనుకుంది.

అంతలో ఒక యుద్ధంలో పోలినాయుడి దాడులు రెండూ మిగిలిపోయాయి. అప్పటిలా ఒక్క నక్షత్రం తేడాతో కాదు గానీ, దండు మాత్రం ఓడింది. నూకరత్నం ఒళ్ళు భగ్గుమంది. అందరూ చూసే చోట టకటకా రాసింది.

"లారీ తోలుకునేవాళ్ళకి యుద్ధాలెందుకు? వెళ్ళి స్టీరింగ్ పట్టుకోమనండి."

రాసి, అతన్ని తీసేసింది.

జరీనా ఒకే ఒక్క వాక్యం రాసింది.

"అక్కా, ఈ మాట నీదా, భూపతి గారిదా?"

నూకరత్నం చెంప ఛెళ్ళుమంది. ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపమే. నేను పెట్టిన దండులో నన్నే అంటుందా అనుకుంది. జరీనా పేరు మీద వేలు పెట్టింది. తీసేయమంటారా అని ఆట అడిగింది. అవునని నొక్కబోతూ ఆగిపోయింది. ఆ రోజు గండభేరుండ దండులో ఒక్కరంటే ఒక్కరు ఇలా అడిగి ఉంటే తను ఎంత ఊరట పడేదో గుర్తొచ్చింది. అంత మంది అనలేని మాట ఈ పిల్ల అన్నది. దానికి తను ఇవ్వబోతున్న బహుమానం ఇదీ.

వేలు వెనక్కి తీసుకుంది. మర ఆపేసింది. ఇంతకాలం భూపతి మీద కాలిన కోపం మొదటిసారి తన మీదికే తిరిగింది. అది ఇంకా ఎక్కువ కాల్చింది.

పోలినాయుడికి ఫోను చేసింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి పగలంతా లారీలన్నీ నిలిచిపోయాయట. అక్కడ సిగ్నలు లేదట. ఇదంతా అతను పొడిపొడిగా చెప్పాడు. తప్పయిపోయింది బాబాయ్, మళ్ళీ రమ్మని నూకరత్నం అడిగింది. అతను వెంటనే కరిగిపోలేదు.

"ఛీ అంటే పోడానికీ, ఛూ అంటే రాడానికీ నేనేం కుక్కని కాదమ్మా," అన్నాడు. "నలుగురిలో అన్నావు. ఇప్పుడు చెవిలో చెప్తున్నావు. అన్నచోటే చెప్పు. అప్పుడు ఆలోచిస్తాను."

అతని కోపం న్యాయమైనదని ఆమెకు తెలుసు. అలాంటి కోపాన్నే కదా తను ఇన్నాళ్ళూ మోసింది. అందరూ చూసే చోట, కారణం అడగకుండా మనిషిని గెంటడం తన తప్పనీ, అతని పనిని ఎగతాళి చేయడం అంతకన్నా పెద్ద తప్పనీ రాసింది. తను గెంటేసిన మిగతావాళ్ళకూ పేరు పేరునా కబురు పంపింది. కొందరు వచ్చారు. కొందరు రాలేదు. పోలినాయుడు రెండు రోజులు ఆగి వచ్చాడు. రాగానే ఎవరి కోటకు కావలి కావాలో అడిగాడు.

ఆ తరవాత దండు తీరు మారింది. రాలేనివాళ్ళు ముందే చెప్తే వాళ్ళను యుద్ధంలో లెక్కపెట్టడం మానేశారు. చిన్న కోటలవాళ్ళను చిన్న కోటల మీదికే పంపారు. ఎలా కొట్టాలో జరీనా ఓపిగ్గా నేర్పింది. ఎవరినైనా తీసేయాలంటే ముందు వాళ్ళ మాట వినాలి. నాయకురాలిది తప్పయితే నాయకురాలి మొహానే చెప్పాలి. మళ్ళీ కూరల కబుర్లు మొదలయ్యాయి.

ఒకనాడు ఆట తనంతట తానే రెండు దండులకు ముడిపెట్టింది. ఎదురుగా గండభేరుండ దండు.

నూకరత్నం ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన రోజు అది. భూపతి కోట మీదికి మొదటి దాడి తానే చేసింది. కోపంతో కళ్ళు మూసుకుపోయి, ఉన్న సైన్యమంతా ఒక్క గుమ్మం మీదే కుమ్మరించింది. ఒక్క నక్షత్రమూ రాలేదు. రెండో దాడీ అంతే అయింది. దాచకుండా దండులో రాసింది: నాయకురాలి దాడులు రెండూ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి, తప్పు నాదే.

ఎవరూ ఆమెను ఎత్తిపొడవలేదు. పోయినవి మేం తెస్తామని జరీనా రాసింది. తెచ్చారు కూడా. చిన్న కోటలవాళ్ళు చిన్న కోటల్ని ఒక్కొక్కటీ నేలమట్టం చేశారు. పోలినాయుడు లారీ పక్కకు ఆపుకుని ఒక కోటను పూర్తిగా పడగొట్టాడు. జరీనా రెండు పెద్ద కోటలను కూల్చింది. అవతల భూపతి మాత్రం మొదటి దాడిలో ఓడినవాడినల్లా తిట్టాడు. తిట్లు తిన్నవాళ్ళు రెండో దాడి చేయనే లేదు. భూపతి కోట చెక్కుచెదరలేదు. దాని చుట్టూ ఉన్న దండు మాత్రం కూలిపోయింది.

వారం తిరక్కుండా భూపతి కారులో పిండిమర దగ్గరికి వచ్చాడు. చొక్కాకు పిండి అంటుతుందని గుమ్మం బయటే నిలబడ్డాడు. రెండు దండుల్నీ కలిపేద్దామన్నాడు. తాను నాయకుడుగా, ఆమె ఉపనాయకురాలుగా ఉంటే ఇక ఎదురే ఉండదన్నాడు. ఆమె మర ఆడిస్తూనే ఉండేసరికి నవ్వాడు.

"ఇంకా ఆ పాత కోపమేనామ్మా?"

నూకరత్నం మర ఆపింది.

"కోపమే, భూపతి గారూ. తగ్గలేదు. తగ్గించుకోను కూడా. కానీ అది మీ మీద కోపం. దాన్ని ఒకసారి మావాళ్ళ మీద ఒలకబోసి చూశాను. అచ్చం మీలాగే తయారయ్యాను. ఆ అద్దంలో ఇంకోసారి చూసుకోలేను. మా దండులోకి రావాలంటే అందరిలాగే అడగండి. మీరు తిట్టినవాళ్ళను ఒక్కొక్కరినీ క్షమాపణ అడిగి వచ్చి, అప్పుడు అడగండి."

భూపతి మొహం ఎర్రబడింది. కారెక్కి వెళ్ళిపోయాడు. ఆయన ఎవరినీ క్షమాపణ అడగలేదు. అడుగుతాడని నూకరత్నం అనుకోనూ లేదు. కోపం ఇంకా చల్లారని చేతులతో, ఎవరో తెచ్చిన రాగుల సంచి విప్పి మరలో పోసింది.

చూశారా పిల్లలూ, బలవంతుడి మీద పుట్టిన కోపాన్ని బలహీనుడి మీద తీర్చుకునేవాడు ఎన్ని యుద్ధాలు గెలిచినా నాయకుడు కాలేడు. తన తప్పును నలుగురిలో ఒప్పుకోగలిగినవాడి వెంటే దండు నడుస్తుంది.